రెక్కే కదా తగిలింది అంటారేంటండీ?

2021 ఫిబ్రవరి 20, శనివారం. దోహా నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం గన్నవరంలో చక్కగా దిగింది. లోపల 64 మంది ప్రయాణికులు. చక్రాలు నేలని తాకాయి, బ్రేకులు పడ్డాయి, గండం గడిచిందనుకున్నారందరూ. రన్‌వే వదిలేసి విమానం ఆగే చోటికి మెల్లిగా వెళ్తుంటే, రెక్క పోయి కరెంటు స్తంభానికి కొట్టుకుంది. అంత దూరం సముద్రం దాటొచ్చిన విమానం, ఆఖరి కాస్త దూరంలో స్తంభం దగ్గర దొరికిపోయింది.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. దర్యాప్తు అన్నారు. టీవీలో ఒక పూట స్క్రోలింగ్ నడిచింది, మర్నాటికి మర్చిపోయాం.

ఆ దోహా విమానంలో ఎవరుంటారో అల్లవరం కుర్రోళ్లకి చెప్పక్కర్లేదు. ఓడలరేవు నుంచి గోడి దాకా, కొమరగిరిపట్నం నుంచి బెండమూర్లంక దాకా, ఏ వీధిలో అడిగినా ఖతారో కువైటో మస్కట్టో దుబాయో ఎల్లినోళ్లు ఒకళ్లైనా తగుల్తారు. ఇళ్లల్లో పనికెల్లిన అమ్మలు, పిన్నులు. డ్రైవర్లుగా, వెల్డర్లుగా ఎల్లిన అన్నయ్యలు. విమానం కబురంటే పెద్దోళ్ల కబురని ఊరుకోడానికి లేదండి. కోనసీమలో అది బస్టాండు కబురంత దగ్గర కబురు.

అందుకే ఇయాళ మాట్లాడేది గాల్లో పడిపోయే విమానాల గురించి కాదు. నేల మీద నడుస్తా నడుస్తా గుద్దుకునే విమానాల గురించి.

మన భయమంతా ఆకాశం మీదే

అమలాపురం ఎంపీ, లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు 2002 మార్చి 3న కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో హెలికాప్టర్ కూలి పోయారు. ఆ రోజు మన ఇళ్లల్లో పొయ్యి వెలగలేదని పెద్దోళ్లు ఇప్పటికీ చెప్తారు. అలాంటి దెబ్బ తిన్న ఊళ్లకి ఆకాశమంటే భయం ఉండటం సహజం. కానీ విమానం నేల మీద ఉన్నంతసేపూ ఏం కాదులే అనే ధీమా మాత్రం సరైంది కాదు.

2024 మార్చి 27న కోల్‌కతాలో ఏం జరిగిందో చూడండి. చెన్నై ఎల్లాల్సిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే ఎక్కడానికి అనుమతి కోసం ఆగి ఉంది. దర్భంగా ఎల్లాల్సిన ఇండిగో విమానం పక్క నుంచి టాక్సీ చేసుకుంటా వచ్చి, దాని రెక్కకి తన రెక్క తగిలించింది. ఆగున్న విమానం రెక్క చివర విరిగిపోయింది, ఇండిగో రెక్క సొట్టపోయింది. ఇండిగోలో 135 మంది ఉన్నారు. ఇండిగో పైలట్లిద్దర్నీ డీజీసీఏ డ్యూటీ నుంచి పక్కన పెట్టింది.

అంతకు రెండేళ్ల ముందు, 2022 మార్చి 28న ఢిల్లీలో జమ్మూ ఎల్లే స్పైస్‌జెట్ విమానాన్ని వెనక్కి నెట్టేటప్పుడు రెక్క పోయి లైటు స్తంభానికి తగిలింది. జనాన్ని దింపి వేరే విమానం ఎక్కించారు.

ఇది మన దేశం ఒక్కదాని గోల కాదు. 2024 సెప్టెంబర్ 10న అమెరికాలో అట్లాంటాలో, టోక్యో ఎల్లే డెల్టా వారి పెద్ద ఎయిర్‌బస్ ఏ350 రెక్క తగిలి ఒక చిన్న విమానం తోక మొత్తం ఊడి పక్కకి పడిపోయింది. 2025 ఫిబ్రవరి 5న సియాటిల్‌లో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం రెక్క, ఆగి ఉన్న డెల్టా విమానం తోకలోకి దూరింది. డబ్బున్న దేశాలు, పేరున్న కంపెనీలు. అయినా తప్పలేదు.

అంత పెద్ద అద్దాలుండి కనపడదా?

వీడియో కింద కామెంట్లలో కుర్రోళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. "ఎదురుగా ఉన్న విమానం కనపడలేదా, నిద్రపోతన్నాడా?" అని.

విషయమేంటంటే, పైలట్ కూర్చునేది ముక్కు దగ్గర. రెక్క చివర ఉండేది ఎక్కడో వెనక, పక్కకి. గల్ఫ్ తిరిగే బోయింగ్ 737-800 రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకి దగ్గర దగ్గర 36 మీటర్లు. ఏ350కి అయితే దాదాపు 65 మీటర్లు. పెద్ద విమానాల్లో పైలట్ సీట్లో కూర్చుంటే రెక్క చివర కనపడనే కనపడదు. చిన్నవాటిలో మెడ తిప్పి చూస్తే కాస్త కనపడొచ్చు గానీ, ఆ కొసకీ అవతలి స్తంభానికీ మధ్య ఎంత జాగా ఉందో అంచనా కట్టడం చాలా కష్టం.

ఇంకో చిక్కుంది. ఆర్టీసీ బస్సు మలుపు తిరిగేటప్పుడు వెనక భాగం అవతలికి ఎలా విసురుతుందో చూసుంటారు. వెనక్కి వాలిన రెక్కలున్న విమానం తిరిగినప్పుడు కూడా రెక్క కొస అలాగే, మనం అనుకున్న గీత దాటి బయటికి విసురుతుంది. ముక్కు పసుపు గీత మీదే ఉంటుంది. రెక్క పోయి పక్కవాడికి తగుల్తుంది.

కొబ్బరికాయల లోడుతో రెండు లారీలు కాలవ గట్టు మీద ఎదురుపడ్డప్పుడు ఏం చేస్తాం? క్లీనర్ కిందకి దూకుతాడు. "రానీ రానీ... కొంచెం ఎడమకి... చాలు చాలు, ఆపు!" అంటా టైరు పక్కన నడుస్తాడు. డ్రైవర్ ఎంత పాతకాపైనా క్లీనర్ మాట వినకుండా అంగుళం కదలడు. విమానానికీ అంతే. రెక్క కొస దగ్గర నడిచి జాగా చూసే మనిషి ఒకడు, ముందు నిలబడి చేతుల్లో కర్రలూపి ఎక్కడ ఆపాలో చూపించే మార్షలర్ ఒకడు. కోట్ల రూపాయల యంత్రం ఆఖరికి ఆ నిలబడ్డ మనిషి కళ్ల మీద ఆధారపడి ఉంది.

పెద్ద విమానాలకి రెక్క చివర కెమెరాలాంటి సాధనం పెట్టండని అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2012లోనే సిఫారసు చేసింది. అంతకు ముందేడు న్యూయార్క్‌లో అతి పెద్ద విమానం ఏ380 రెక్క తగిలి ఒక చిన్న విమానం గిర్రున తిరిగిపోయింది. సిఫారసు చేసిన పన్నెండేళ్లకి అట్లాంటాలో మళ్లీ అదే కథ. మన ఊళ్లో కార్లు కొనేవాళ్లు వెనక కెమెరా లేకపోతే వద్దంటన్నారు. వందల మందిని మోసే విమానానికి అది ఇంకా ఐచ్ఛికమే.

ఎవరి తప్పు?

నేల మీద విమానం కదిలేటప్పుడు కనీసం నాలుగు చేతులు దాని మీద ఉంటాయి. ఏ దారిలో ఎల్లాలో చెప్పేది గ్రౌండ్ కంట్రోలర్. నడిపేది పైలట్లు. నెట్టే బండి, రెక్క దగ్గర మనుషులు గ్రౌండ్ హ్యాండ్లింగ్ కంపెనీ వాళ్లు. గీతలు గీసేది, స్తంభాలు పాతేది, లైట్లు పెట్టేది విమానాశ్రయం వాళ్లు.

కంట్రోలర్ "ఫలానా దారిలో ఎల్లండి" అన్నంత మాత్రాన రెక్కకి జాగా ఉన్నట్టు కాదు. అడ్డం లేకుండా చూసుకునే బాధ్యత చాలా వరకు పైలట్ మీదే ఉంటది. కానీ ఆ పైలట్‌కి రెక్క కొస కనపడదని ఇందాకే చెప్పుకున్నాం. కనపడనిదానికి బాధ్యత ఒకడి నెత్తిన పెట్టి, గుద్దుకున్నాక వాణ్ణి పక్కన కూర్చోబెట్టి, పని అయిపోయిందంటే ఎలాగండి? పైలట్ తప్పు చేసుంటే చర్య తీసుకోవాల్సిందే, కాదనట్లేదు. కానీ అవతలి విమానం అక్కడ ఎందుకాగింది, గీత సరిగ్గా ఉందా, సాయంగా మనిషి ఉన్నాడా, వాళ్లు ఎన్ని గంటల నుంచి డ్యూటీలో ఉన్నారు అనే ప్రశ్నలు కూడా అంతే గట్టిగా అడగాలి.

దీనికి ఇటలీలో ఒక ఉదాహరణ ఉంది. 2001 అక్టోబర్ 8, మిలాన్ లినాటే విమానాశ్రయం. కమ్మేసిన పొగమంచు. ఒక చిన్న సెస్నా విమానం ఎల్లాల్సిన దారి కాకుండా పక్క దారిలో పడి, నేరుగా రన్‌వే మీదకి వచ్చేసింది. అదే సమయంలో స్కాండినేవియన్ కంపెనీ విమానం పైకి లేస్తోంది. 118 మంది చనిపోయారు. అందులో నలుగురు విమానాల్లో ఉన్నవాళ్లు కాదు, లగేజీ షెడ్డులో పని చేసుకుంటున్న మనుషులు. దారి తప్పింది సెస్నా పైలట్లే. కానీ తవ్వితే తేలిందేంటంటే, అక్కడ గుర్తులు, గీతలు సరిగ్గా లేవు, నేల మీద విమానాల్ని చూపించే రాడార్ పనిలో లేదు. 2004లో కింది కోర్టు కంట్రోలర్‌ని మాత్రమే పట్టుకుని వదిలేయలేదు. విమానాశ్రయం మాజీ డైరెక్టర్‌కీ, పైనున్న అధికారులకీ కూడా శిక్షలేసింది.

ఇంతకంటే పెద్దది 1977లో జరిగింది. స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే దీవి. పక్క దీవిలో బాంబు పేలిందని విమానాలన్నీ ఈ చిన్న విమానాశ్రయానికి మళ్లించారు. ఆగే చోటు, టాక్సీ దారి నిండిపోవడంతో విమానాలు రన్‌వే మీదే నడుచుకుంటా ఎల్లాల్సి వచ్చింది. పొగమంచు దిగింది. పాన్ యామ్ విమానం రన్‌వే మీద టాక్సీ చేస్తుండగా, పూర్తి అనుమతి రాకుండానే కేఎల్‌ఎం విమానం పరుగెత్తింది. 583 మంది పోయారు. ఇన్నేళ్లలో రెండు విమానాలు గుద్దుకున్న ప్రమాదాల్లో ఇంతమంది పోయింది ఇంకోటి లేదు. అది జరిగింది ఆకాశంలో కాదు, నేల మీద. తేదీ మార్చి 27. కోల్‌కతాలో రెక్కలు రాసుకున్న తేదీ కూడా అదే. కాకతాళీయమే అనుకోండి, కానీ గుర్తు పెట్టుకోడానికి పనికొస్తుంది.

చిన్న లీకు కథ మనకి తెలుసు

"రెక్క గీసుకుంటే ఏమైందిలే, ఎవరూ చావలేదుగా" అనేవాళ్లకి కోనసీమ వాళ్లు చెప్పాల్సిన సమాధానం వేరే ఉంది. 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరంలో గ్యాస్ పైపు పేలి ఊరు తగలబడింది. అంతకు ముందు నుంచీ గ్యాస్ వాసన వస్తోందని జనం అంటానే ఉన్నారు. వాసనతో ఎవరూ చావలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. పేలాక అందరూ వచ్చారు.

విమానం రెక్కంటే ఉత్త రేకు కాదు, ఇంధనం ట్యాంకు. మనం ఎక్కే విమానాల్లో ఇంధనం ఎక్కువగా నింపేది రెక్కల్లోనే. ఇప్పటిదాకా మన దగ్గర తగిలింది కొసలే కాబట్టి బతికిపోయాం. అలా తగిలిన ప్రతిసారీ అది ముందుగా వచ్చిన గ్యాస్ వాసనే అనుకోవాలి.

పైగా రద్దీ పెరిగిపోతోంది. 2014లో దేశంలో నడిచే విమానాశ్రయాలు 74 ఉంటే, పదేళ్లలో రెట్టింపు దాటాయి. 2023లో ఇండిగో ఒక్కసారే 500 విమానాలకి, ఎయిర్ ఇండియా 470కి ఆర్డర్లిచ్చాయి. విమానాలు కొనడం సులువు. అవి నిలబడే జాగా, దారులు, కంట్రోలర్లు, తనిఖీ చేసే మనుషులు అదే వేగంతో పెరగాలి కదా? భద్రత చూడాల్సిన డీజీసీఏలోనే సగం పోస్టులు ఖాళీగా ఉన్నాయని 2025లో పార్లమెంటు స్థాయీ సంఘమే చెప్పింది. పంటు మీద ఎక్కించే బళ్లు రెట్టింపు చేసి, తాడు పట్టేవాళ్లని సగానికి తగ్గిస్తే ఏమవుతుందో సఖినేటిపల్లి రేవులో ఎవర్నడిగినా చెప్తారు.

మధురపూడి కూడా మారింది

మనకి దగ్గర విమానాశ్రయం రాజమండ్రి మధురపూడి. నిన్నమొన్నటి దాకా అక్కడికి ఎక్కువగా వచ్చేవి ఫ్యాన్లు తిరిగే ఏటీఆర్ విమానాలు. వాటి రెక్కల వెడల్పు 27 మీటర్లు. 2024 డిసెంబర్ నుంచి ముంబై, ఢిల్లీకి నేరుగా ఎయిర్‌బస్ ఏ320లు మొదలయ్యాయి. వాటి రెక్కలు దాదాపు 36 మీటర్లు. అంటే ఒక్కో విమానానికి తొమ్మిది మీటర్ల జాగా అదనంగా కావాలి. మంచిదే, మన అవసరానికి వచ్చాయి, రావాలి కూడా. అటు భోగాపురం, ఇటు కుప్పం, దగదర్తి, తాడేపల్లిగూడెం అంటా కొత్త విమానాశ్రయాల మాటలు నడుస్తున్నాయి. కేంద్ర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు మన శ్రీకాకుళం ఆయనే. టెర్మినల్ అద్దాలు ఎంత మెరుస్తున్నాయో ఫొటోలు పెట్టడంతో పాటు, ఆగే చోట రెక్కకీ రెక్కకీ ఎంత దూరం ఉంచారో కూడా చెప్పమనండి.

కర్ర పట్టుకునేది మన కుర్రోళ్లే

ఇంటర్‌తోనో డిగ్రీతోనో ఆగిపోయిన కుర్రోళ్లకి "ఎయిర్‌పోర్టులో ఉద్యోగం" అని ఫోన్‌లో ప్రకటనలు వస్తా ఉంటాయి. హైదరాబాద్, బెంగళూరు ఎల్లి చేరేవాళ్లలో చాలా మంది చేసేది ఈ నేల పనే. లగేజీ ఎక్కించడం, బండి తోలడం, విమానం పక్కన నిలబడటం. వాళ్లలో ఎక్కువ మంది విమానం కంపెనీ ఉద్యోగులు కాదు, కాంట్రాక్టు వాళ్లు.

2025 ఏప్రిల్ 18న బెంగళూరులో ఆగి ఉన్న ఇండిగో విమానం ముక్కు కిందకి ఒక టెంపో వచ్చి గుద్దింది. అది గ్రౌండ్ హ్యాండ్లింగ్ కాంట్రాక్టు కంపెనీ బండి. డ్రైవర్ కునికాడని వార్తలొచ్చాయి. అందరూ నవ్వుకున్నారు, మీములేశారు. ఎన్ని గంటల డ్యూటీ తర్వాత కునికాడని మాత్రం ఎవరూ అడగలేదు. పైలట్‌కి డ్యూటీ గంటల లెక్కుంది, విశ్రాంతి ఇంతని రూలుంది, దాని మీద కోర్టుల్లో వాదనలు నడిచాయి. విమానం కింద బండి తోలేవాడి నిద్ర గురించి అలాంటి చర్చే లేదు.

2015 డిసెంబర్ 16న ముంబైలో హైదరాబాద్ ఎల్లాల్సిన ఎయిర్ ఇండియా విమానాన్ని వెనక్కి నెట్టే పనిలో ఉన్న టెక్నీషియన్‌ని ఇంజిన్ లోపలికి లాగేసింది. నేల మీద జరిగే ప్రమాదంలో మొదట పోయేది టికెట్టు కొన్నవాడి ప్రాణం కాదండి, రేడియం జాకెట్టు వేసుకున్నవాడిది. మిలాన్ షెడ్డులోనూ అదే అయ్యింది.

కాబట్టి రెక్క దగ్గర నిలబడే మనిషికి సరైన శిక్షణ, నిద్ర, "ఆపు" అంటే విమానం ఆగుతుందనే భరోసా ఉండాలి. ఆపినందుకు ఆలస్యమైందని ఉద్యోగం తీసేస్తారనే భయం ఉన్నోడు కర్ర అడ్డం పెట్టడు. కాలవ గట్టు మీద క్లీనర్ "ఆపు" అని అరవగలుగుతున్నాడంటే, డ్రైవర్ తిట్టడని తెలుసు కాబట్టే.

ఏం అడగాలి?

ఒకటి, ఇలా తగిలిన ప్రతి ఘటన మీదా దర్యాప్తులో తేలింది జనానికి చెప్పాలి. మన దేశంలో విమాన ప్రమాదాలు చూడ్డానికి ఏఏఐబీ అని ప్రత్యేక సంస్థే ఉంది. దాని నివేదికలు ఇంగ్లీషులో ఉంటాయి. గన్నవరంలో స్తంభం తగిలితే, కారణం రెండు పేజీల్లో తెలుగులో పెట్టడానికి అడ్డమేంటి? దోహా నుంచి వచ్చేవాళ్లు చదువుకుంటారు.

రెండు, ఇరుకు చోట్ల రెక్క దగ్గర మనిషి లేకుండా విమానం కదలకూడదనే నియమం కాగితం మీదే కాకుండా నేల మీద కూడా నడవాలి.

మూడు, కాంట్రాక్టు గ్రౌండ్ సిబ్బందికి డ్యూటీ గంటల హద్దు పెట్టాలి.

ఇక ప్రయాణికులుగా మన వంతు కూడా కొంత ఉంది. గల్ఫ్ విమానాల్లో చక్రం నేలకి తాకగానే సగం మంది లేచి నిలబడి, పైనున్న సంచులు లాగుతా ఉంటారు. ఏళ్ల తర్వాత ఇంటికొస్తున్న ఆత్రం అది, తప్పు పట్టలేం. కానీ ఈ గుద్దుకోవడాల్లో కొన్ని జరిగేది సరిగ్గా అప్పుడే. అన్ని టన్నుల బరువు ఒక్కసారి ఆగితే నిలబడ్డోళ్లు సీట్ల మీద పడతారు, సంచులు కూర్చున్నోళ్ల తల మీద పడతాయి. బెల్టు గుర్తు ఆరేదాకా లేవొద్దని అమ్మకీ పిన్నికీ ఫోన్‌లో మనమే చెప్పాలి.

నిప్పు అంటుకుంటే సంచి వదిలేసి దిగాలి. 2024 జనవరి 2న టోక్యో హనేదాలో దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం, రన్‌వే మీదున్న కోస్ట్ గార్డ్ విమానాన్ని గుద్దింది. కోస్ట్ గార్డ్ వాళ్లు ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు. పెద్ద విమానం మొత్తం కాలి బూడిదైంది, కానీ అందులో ఉన్న 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. సిబ్బంది చెప్పినట్టు విని, సామాన్లు వదిలేసి దిగారు కాబట్టి.

ఇలాంటి గీతల వల్ల విమానం ఆగిపోతే మనోళ్లు మాట్లాడకుండా నేల మీద కూర్చుండిపోతారు. డ్యూటీలో చేరే తేదీ దాటిపోతే అక్కడ జీతం, ఒక్కోసారి ఉద్యోగమే పోతుంది. మన దేశంలో డీజీసీఏ నిబంధనల ప్రకారం ఆలస్యం గంటలు దాటితే తిండి, నీళ్లు ఇవ్వాలి, ఆరు గంటలు దాటితే వేరే విమానం గానీ డబ్బు వాపసు గానీ ఇవ్వాలి. వినకపోతే కేంద్రం వారి ఎయిర్‌సేవాలో ఫిర్యాదు పెట్టొచ్చు. ఆలస్యానికి కారణం కాగితం మీద రాయించుకుంటే అక్కడ యజమానికి చూపించడానికైనా పనికొస్తుంది. ఇంట్లో చదువుకున్న కుర్రోడు ఈ పని ఫోన్‌లో పది నిమిషాల్లో చేసిపెట్టొచ్చు.

ఈసారి రెక్క తగిలిన వీడియో వస్తే, నవ్వే బొమ్మ నొక్కే ముందు ఆ విమానం ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. దోహా అనో కువైట్ అనో ఉంటే, లోపల కిటికీ పక్కన కూర్చున్నది మన వీధి మనిషే అయ్యుండొచ్చు.